జౌగడ మార్కు వైరాగ్యం

వైరాగ్యం గురించి మాట్లాడే అర్హత ఒడిశాలోని మా గంజాం జిల్లా వాళ్లకి ఉన్నంతగా మరెవరికీ లేదని సవినయంగా మనవి చేసుకుంటున్నాను. కాశీ వాళ్లు కాస్త ఓపిక పట్టాలి.

కళింగ యుద్ధం చేసి, మనసు విరిగి, ఇక చాలన్న అశోకుడి శాసనాలు మా బరంపురానికి చేరువలోనే, రుషికుల్య నది పక్కన జౌగడ బండ మీద ఉన్నాయి. లక్షమంది చచ్చారు, లక్షన్నర మందిని పట్టుకుపోయాం, తలుచుకుంటే బాధగా ఉందని ఆయన చెప్పుకున్నది పదమూడో శాసనంలో. అది పెషావరు దగ్గర షాబాజ్‌గఢీలో ఉంది. కర్నూలు వైపు ఎర్రగుడిలో ఉంది. దెబ్బలు తిన్న మా జౌగడలో మాత్రం లేదు. మాకు బదులుగా వేరే శాసనం చెక్కించారు: మనుషులంతా నా బిడ్డలే అని. బిడ్డలయ్యాక ఇంక రాజ్యం తిరిగివ్వడం ఎవరికి? తీసుకున్నందుకు కుమిలిపోవాలి, తీసుకున్నది దగ్గరే ఉంచుకోవాలి. ఇంత సులువైన మోక్షమార్గం ఉపనిషత్తుల్లో కూడా దొరకదు.

మా పెదనాన్న ఈ సంప్రదాయంలోని వారే. కార్తీకమాసంలో ప్రవచనాలు విని వచ్చి, "ఇంక నాకేటీ వద్దురా, అన్నీ వదిలేస్తన్నాను. సుఖం వస్తువుల్లో లేదు" అని ప్రకటించారు. పెద్దమ్మ వెంటనే ఒప్పుకుంది. సుఖం వచ్చినా పెట్టడానికి అటక మీద చోటు లేదని ఆవిడకి ఎప్పటినుంచో తెలుసు.

ఆదివారం అటక దించాం. మూతలేని టిఫిన్ క్యారియర్ దిగింది. క్యారియర్ లేని మూత దిగింది, దానికీ దీనికీ సంబంధం లేదు. పెళ్లిళ్లలో పంచిన పేర్లు చెక్కిన స్టీలు గ్లాసులు. వాటిలో ఒక జంట ఇప్పుడు కలిసి ఉండటం లేదు కూడా. జరీ నల్లబడిన బరంపురం పట్టుచీర. చచ్చిపోయిన మిక్సీ, దాని గ్యారంటీ కార్డు. పెదనాన్న ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుని, కళ్లు మూసుకుని, "నాది కాదు" అని మూడుసార్లు అనుకుని, పక్కన పెట్టారు. ఆ పక్క అన్నది అటక నిచ్చెన పక్కే కావడం గమనార్హం.

పాత సామాన్లు కొనే కబాడీవాడు వచ్చాడు. మిక్సీకి వాడు చెప్పిన ధర విని పెదనాన్న వైరాగ్యం చటుక్కున ఆగిపోయింది. "మోటారులో రాగుందిరా!" సర్వం త్యజించేవాడు కూడా తూకంలో మోసపోకూడదు కదా.

చివరికి ట్రంకుపెట్టె. అందులో ఇచ్ఛాపురం వైపు భూమికి ముత్తాత కట్టిన శిస్తు రసీదులు, మద్రాసు ప్రెసిడెన్సీ నాటివి. 1936 ఏప్రిల్ 1న మద్రాసు బరంపురాన్ని ఒడిశాకి వదిలేసింది. 1947లో తెల్లవాడు దేశాన్నే వదిలేశాడు. తాతయ్య ఆ భూమిని అమ్మేశాడు. పెదనాన్న రసీదులు వదల్లేదు. అడిగితే, "అమ్మింది బూమినిరా, రసీదుల్ని కాదు" అన్నారు. దీనికి ఏ ఆచార్యుడి దగ్గరా జవాబు ఉండదు.

అయినా నేను పెదనాన్న పక్షమే. ఆ ప్రవచనంలో చెప్పినదేమిటంటే, ఖాళీ గది, ఒక చాప, రెండు జతల బట్టలు ఉంటే చాలు, అదే పరమసుఖం. మా జిల్లా కుర్రాళ్లు వేలకి వేలు సూరత్ మరమగ్గాల దగ్గర సరిగ్గా అలాగే బతుకుతున్నారు. పగటి షిఫ్టువాడు లేస్తే రాత్రి షిఫ్టువాడు అదే చాప మీద వాలతాడు. చాప కూడా నాది అనుకునే వీలు లేదు. లెక్కప్రకారం వాళ్లంత సుఖపడేవాళ్లు భూమ్మీద ఉండకూడదు. పండక్కి ఇంటికొచ్చినప్పుడు వాళ్ల మొహాల్లో ఆ సుఖం ఎందుకు కనిపించదో, వచ్చే కార్తీకంలో ఏసీ హాల్లో మెత్తటి ఆసనం మీద కూర్చుని స్వామివారే సెలవిస్తారు.

ఈలోగా పెదనాన్న త్యాగం రెండో విడత వచ్చే ఆదివారం. కావలసినవాళ్లు వచ్చి కావలసినవి పట్టుకుపోవచ్చు. సంచులు ఆయనే ఇస్తారు. సంచులు మాత్రం సాయంత్రానికి తిరిగి పంపాలి.