బండికి ఉన్న గడువు పేజీకి ఎందుకు లేదు?

హన్మకొండ చౌరస్తాలో తోపుడుబండి మీద జామకాయలు అమ్ముకునే మనిషిని అక్కడి నుంచి లేపాలంటే 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. 2014లో పార్లమెంటు చేసిన వీధి వ్యాపారుల చట్టంలో ఉన్న మాట ఇది. అమలులో ఎన్ని లోపాలున్నా, అడ్డం తిరిగి అడగడానికి ఆ మనిషికి ఒక ఆధారమంటూ ఉంది. అదే చౌరస్తాలో మేడ మీద చిన్న గది అద్దెకు తీసుకుని, ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ పేజీల మీదే చీరలు అమ్ముకునే ఆడబిడ్డకు అలాంటి గడువేదీ లేదు. ఒక పొద్దున లేచి చూస్తే పేజీ కనిపించదు, లేదా ఉన్నా ఎవరికీ చేరదు. నియమం మారిందని ఇంగ్లీషులో ఒక సందేశం వస్తుంది. ఎవరిని అడగాలో తెలియదు.

ఈ అవస్థ ఒక్కరోజులో రాలేదు. ఫేస్‌బుక్ 2007లో వ్యాపార పేజీలు తెచ్చింది. దుకాణాలవాళ్లు బోర్డుల మీద, బిల్లుల మీద, క్యారీబ్యాగుల మీద ‘మా పేజీని లైక్ చేయండి’ అని సొంత ఖర్చుతో అచ్చేయించారు. అట్లా పోగైన లైకులు వాళ్ల కష్టార్జితం. 2015 జనవరి నుంచి మరీ ప్రకటనల్లా ఉండే పేజీ పోస్టులను తగ్గించి చూపిస్తామని కంపెనీ చెప్పింది. 2018 జనవరిలో ఫేస్‌బుక్ అధిపతి జుకర్‌బర్గ్ స్వయంగా ప్రకటించారు: ఇకపై స్నేహితులు, కుటుంబ సభ్యుల పోస్టులకే పెద్దపీట, వ్యాపార సంస్థల పోస్టులు తగ్గుతాయి అని. అంటే తాము తెచ్చుకున్న కొనుగోలుదారులకే ఒక మాట చేరవేయాలంటే ‘బూస్ట్’ పేరుతో డబ్బు కట్టాల్సిన రోజులు వచ్చాయి.

డబ్బు అడగడాన్ని మేము తప్పుపట్టడం లేదు. అంగడిలో కూర్చున్నందుకు తైబజారు కట్టడం మనవాళ్లకు కొత్త కాదు. కానీ అక్కడ ఎంత కట్టాలో ముందే తెలుస్తుంది, చేతికి రసీదు వస్తుంది, ఎక్కువ అడిగితే నిలదీయవచ్చు. ఇక్కడ నిన్న చేరిన పోస్టు ఇవాళ ఎందుకు చేరలేదో చెప్పే నాథుడు లేడు.

నియమాలు తెలియక దెబ్బతినేవాళ్లే ఎక్కువ. ‘ఈ పోస్టు షేర్ చేసి, ముగ్గురిని ట్యాగ్ చేయండి, బతుకమ్మకు పట్టుచీర గెలుచుకోండి’ అనే పోటీ మన ఊళ్లలో ఎన్ని దుకాణాలు పెట్టలేదు? అలా షేర్లు, ట్యాగులు షరతుగా పోటీ పెట్టడం ఫేస్‌బుక్ నియమాలకు విరుద్ధం. లైకుల కోసం, షేర్ల కోసం అడిగే పోస్టులను వెనక్కి నెడతామని 2017 డిసెంబరులోనే ఆ కంపెనీ ప్రకటించింది. సినిమా పాట పెట్టి వరంగల్ కొత్తవాడ దర్రీల వీడియో చేస్తే, వ్యాపార ఖాతాకు ఆ పాట వాడే హక్కు లేదంటూ శబ్దం తీసేయవచ్చు. పక్కింటి పిల్ల అదే పాటకు రీల్ చేస్తే ఏమీ కాదు. ఈ తేడా మగ్గం మీద కూర్చునే మనిషికి ఎవరు చెప్పారు? పెంబర్తి ఇత్తడి పనివాళ్లకు, నిర్మల్ బొమ్మలు చేసేవాళ్లకు భౌగోళిక గుర్తింపు తెచ్చిపెట్టాం, సరుకు ఆన్‌లైన్‌లో అమ్ముకోమన్నాం. ఆ ఆన్‌లైన్ నియమాలు మాత్రం వాళ్ల భాషలో చేతికివ్వలేదు.

చట్టంలో దారి లేదని కాదు. 2022 అక్టోబరులో ఐటీ నిబంధనలను సవరించినప్పుడు, ప్లాట్‌ఫారంలు తమ నియమాలను ఇంగ్లీషులోగానీ, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్‌లోని భాషల్లో వినియోగదారు కోరుకున్న భాషలోగానీ అందుబాటులో ఉంచాలని రాశారు. తెలుగు ఆ షెడ్యూల్‌లో ఉంది. కంపెనీ నిర్ణయం నచ్చకపోతే వెళ్లడానికి 2023 జనవరిలో ఫిర్యాదుల అప్పీలు కమిటీలు కూడా ఏర్పాటయ్యాయి. అప్పీలును 30 రోజుల్లో తేల్చడానికి ప్రయత్నించాలన్నది నిబంధన. కానీ బతుకమ్మ పండుగకు పెత్రమాస నుంచి సద్దుల దాకా ఉన్నది తొమ్మిది రోజులే! ఏడాది సరుకులో పెద్ద భాగం అమ్ముకోవడానికి ఆ తొమ్మిది రోజుల మీద ఆశ పెట్టుకున్నవాళ్లకు నెల తర్వాత వచ్చే తీర్పు ఏం ఉపయోగం?

యూరప్ ఈ విషయంలో ఒక అడుగు ముందే వేసింది. 2020 జూలైలో అక్కడ అమల్లోకి వచ్చిన నియమం ప్రకారం, వ్యాపారులతో షరతులు మార్చాలంటే ప్లాట్‌ఫారంలు కనీసం 15 రోజుల ముందు చెప్పాలి. సేవ పూర్తిగా ఆపేయాలంటే, కొన్ని మినహాయింపులు పోను, 30 రోజుల ముందు కారణాలతో రాతపూర్వకంగా తెలపాలి. మన కేంద్ర ప్రభుత్వం ఇక్కడా అలాంటి నియమం తేవాలి. చిన్న వ్యాపార పేజీ మూతపడితే మూడు రోజుల్లో, మనిషే చూసి, తెలుగులో జవాబివ్వాలి.

రాష్ట్రం అంతవరకు ఆగాల్సిన పని లేదు. వరంగల్, కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లా పరిశ్రమల కేంద్రాల్లో ఒక్కో బల్ల వేసి, అప్పీలు రాసిపెట్టే మనిషిని కూర్చోబెడితే చాలు. పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ మెప్మా సంఘాల మహిళలకు ఇచ్చే శిక్షణలో ఈ నియమాలను ఒక పాఠంగా చేర్చాలి.

వ్యాపారులు కూడా కొనేవారి ఫోన్ నంబర్లను, వాళ్లను అడిగి, సొంత ఖాతా పుస్తకంలో రాసి ఉంచుకోవాలి. 2021 అక్టోబరు 4న ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్ మూడూ కలిసి దాదాపు ఆరు గంటలు ఆగిపోయినప్పుడు ఆ పుస్తకం ఉన్నవాళ్ల దగ్గర ఫోన్ చేసి మాట్లాడే దారి మిగిలింది. పేజీ పోయిన రోజున కూడా పాత గిరాకీని పేరుపెట్టి పలకరించే వీలు ఆ పుస్తకమే ఇస్తుంది.