పెళ్ళిచూపులకే తలంబ్రాల చీరా?

మూడు ఆదివారాలు పోయాయి. పరిశోధన పేపర్ రాయడానికి కాదు, అది జనవరిలోనే అయిపోయింది. దాన్ని ఒక్కో జర్నల్ (పరిశోధన పత్రిక) అడిగిన ఫార్మాట్‌లోకి మార్చడానికి. నల్గొండ జిల్లా బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఎండాకాలం ఎంత, వానలు పడ్డాక ఎంత అని నేనూ, నా దగ్గర పరిశోధన చేసే మా స్కాలరూ రెండేళ్ళు సీసాలు మోసుకుంటూ తిరిగి రాసుకున్న పేపర్ అది. అప్పటినుంచి ఇప్పటిదాకా అందులో ఒక్క అంకె మారలేదు. మార్జిన్లు మారాయి, రిఫరెన్సులు మారాయి, నా బీపీ మారింది.

మొదటి జర్నల్‌కి రిఫరెన్సులు నంబర్లలో కావాలి, అవీ చదరపు బ్రాకెట్లలో. బొమ్మలన్నీ విడివిడి ఫైళ్ళుగా, ఒక్కోటి 90 మిల్లీమీటర్ల వెడల్పులో, 300 డీపీఐకి (అంగుళానికి అన్ని చుక్కల స్పష్టతకి) తగ్గకుండా పంపాలి. హైలైట్స్ అని పేపర్‌లోని ముఖ్యాంశాలు మూడు నుంచి ఐదు ముక్కల్లో రాయాలి, ఒక్కో ముక్క ఖాళీలతో కలిపి 85 అక్షరాలు దాటకూడదు. ఏం తీసెయ్యాలో తోచక "నల్గొండ నీళ్ళు బాగాలేవు" అని రాసి ఊరుకుందామా అనిపించింది. అన్నీ సర్ది పంపితే నాలుగో రోజు జవాబు వచ్చింది: మా పత్రిక పరిధిలోకి రాదు. ఆ మాట చెప్పడానికి శీర్షిక చూస్తే చాలు కదా? బొమ్మ వెడల్పు 90 ఉందో 95 ఉందో దానికెందుకు?

రెండో చోట నంబర్లు పనికిరావు, రచయిత పేరు, సంవత్సరం కావాలి. సారాంశం 250 మాటల నుంచి 200కి కుదించాలి. ఈసారి ఎడిటర్ దాకా కూడా వెళ్ళలేదు. లైన్ నంబర్లు లేవని, ఒక టేబుల్ బొమ్మగా పెట్టారని ఆఫీసులోనే ఎవరో వెనక్కి తిప్పారు. సరిచేసి పంపాను, రెండు వారాలు ఆగి వద్దన్నారు. వద్దన్నందుకు నాకు కోపం లేదు, ఈ పనిలో అది మామూలే. చదవకుండా ఇంత చాకిరీ చేయించినందుకే కోపం. పెళ్ళిచూపులకి వచ్చేవాళ్ళు అమ్మాయి తలంబ్రాల చీరలో, బాసికం కట్టుకుని కూర్చోవాలని అడిగితే ఎలా ఉంటుంది? సంబంధం కుదరనీయండి, అప్పుడు మీరు చెప్పిన అంచు చీరే కడతాం.

ఇది నా ఒక్కదాని ఏడుపు అనుకోకండి. 2019లో ప్లాస్ వన్ అనే జర్నల్‌లో ఒక సర్వే వచ్చింది, 41 దేశాల పరిశోధకులు 372 మందిని అడిగి చేసింది. ఒక్క పేపర్‌ని ఫార్మాట్ చేయడానికి మధ్యస్థంగా 14 గంటలు, మనిషికి ఏడాదికి 52 గంటలు పోతున్నాయని తేలింది. అంటే పనిదినాల్లో ఒక వారం పైమాటే. మనలాంటి చోట ఆ వారం క్లాసులు, ఇన్విజిలేషన్, న్యాక్ (కాలేజీలకి గ్రేడ్ ఇచ్చే సంస్థ) ఫైళ్ళు అన్నీ అయ్యాక మిగిలే ఆదివారాల్లోంచే రావాలి.

పోనీ ఇంత కష్టపడి చేసిన ఫార్మాటింగ్ చివరికి అచ్చులో మిగులుతుందా అంటే, అదీ లేదు. పేపర్ ఒప్పుకున్నాక అది టైప్‌సెట్టింగ్ చేసేవాళ్ళకి వెళుతుంది. పెద్ద ప్రచురణకర్తల పని చాలావరకు మన చెన్నైలో, పుదుచ్చేరిలో ఉన్న కంపెనీలే చేస్తాయి. వాళ్ళు చేసే మొదటి పని మనం పెట్టిన ఫాంట్లూ స్పేసింగూ పీకేసి, మొత్తాన్ని ఎక్స్ఎమ్ఎల్ అనే కంప్యూటర్ రూపంలోకి మార్చి, పత్రిక డిజైన్‌లో మళ్ళీ పేర్చడం. డబుల్ స్పేసింగ్ కథ ఇంకా విచిత్రం. టైప్ మిషన్ల కాలంలో ఎడిటర్ వరసల మధ్య పెన్నుతో దిద్దడానికి చోటు కావాలని వచ్చిన పద్ధతి అది. ఇప్పుడు ఆ పెన్ను లేదు, చోటు మాత్రం మనం వదులుతూనే ఉన్నాం.

ఈ మాట అంటే మా సీనియర్ సార్ ఒకాయన ఒప్పుకోలేదు. "ఫార్మాటే సరిగ్గా పెట్టలేనివాడు ప్రయోగం సరిగ్గా చేశాడని ఎలా నమ్మాలమ్మా?" అన్నారు. సార్, యూనివర్సిటీ గేటు ఎదురుగా జిరాక్స్ షాపులో డీటీపీ చేసే అన్న ఉన్నాడు. పేజీకింత అని తీసుకుని ఏ జర్నల్ ఫార్మాట్ అయినా ఒక్క కామా పొల్లుపోకుండా పెట్టి ఇస్తాడు, కానీ ఫ్లోరైడ్ అంటే టూత్‌పేస్ట్ అనుకుంటాడు. మీ లెక్కన మా డిపార్ట్‌మెంట్‌కి ఆయన్ని హెడ్ చేయాలి.

అలాగని ఏ నియమమూ వద్దనడం లేదు. నమూనా ఏ నెలలో తీశారు, బ్లాంకులు (పోలిక కోసం పరీక్షించే శుద్ధమైన నీళ్ళు) పెట్టారా, కొలత లీటరుకు మిల్లీగ్రాములా పీపీఎమ్మా (పదిలక్షల్లో ఎన్ని వంతులు), డేటా ఎక్కడ దొరుకుతుంది, ఇవి మొదటిరోజే అడగాలి, నా విద్యార్థుల్ని నేనూ అడుగుతాను. గ్రాఫ్ మీద అక్షరాలు కళ్ళజోడు పెట్టుకున్నా కనపడకపోతే తిప్పి కొట్టండి, అందులో తప్పేం లేదు. కానీ పత్రిక పేరు పూర్తిగా రాశానా కుదించానా, సంవత్సరం చుట్టూ బ్రాకెట్ ఉందా అన్నది నీళ్ళకి సంబంధించిన విషయం కాదు. రిఫరెన్సులు సర్దిపెట్టే జొటెరో సాఫ్ట్‌వేర్ ఉంది కదా అంటారు, ఉంది, ఉచితం కూడా, ఇంకా వాడనివాళ్ళుంటే ఇవాళే మొదలుపెట్టండి. అది రిఫరెన్సుల శైలి మారుస్తుంది. సారాంశం కుదించదు, బొమ్మలు కొలవదు, 85 అక్షరాలు లెక్కపెట్టదు.

ఇంకో సంగతి. ఏ ఫార్మాట్ అయినా పర్వాలేదు, మూడు రోజుల్లో వేసేస్తాం అంటూ అర్ధరాత్రి "గౌరవనీయ ప్రొఫెసర్ గారూ" అని మెయిల్ పెట్టే, డబ్బు తీసుకుని ఏదైనా వేసేసే పత్రికల్ని చూసి మోసపోకండి. వాళ్ళూ చదవరు. నేనడిగేది ముందు చదవమని.

అలా చదివేవాళ్ళు ఉన్నారు కూడా. ఎల్సెవియర్ అనే పెద్ద ప్రచురణ సంస్థ వాళ్ళ చాలా పత్రికలు "యువర్ పేపర్ యువర్ వే" (మీ పేపర్, మీ పద్ధతి) అని, మొదటిసారి ఒక్క పీడీఎఫ్ చాలంటున్నాయి. మూడోసారి నేను అలాంటి పత్రికకే పంపాను. పేపర్ చదివి తూచే రివ్యూయర్లు అడిగినవి రెండే, రెండూ అడగాల్సినవే. ఒప్పుకున్నాక ఫార్మాట్ అడిగారు, ఒక్క సాయంత్రంలో ఆనందంగా చేసిచ్చాను.

నిన్న ప్రూఫ్ (అచ్చుకి ముందు దిద్దుకునే ప్రతి) వచ్చింది, 48 గంటల గడువుతో. మొదటి ప్రశ్న: ఇంటిపేర్లని రంగులో చూపించాం, సరిగ్గా గుర్తించామా? ఇక్కడ మన తెలుగువాళ్ళకి ఎప్పుడూ తిప్పలే. ఇంటిపేరు ముందు, పేరు వెనక మనకి. చివర ఉన్నదే ఇంటిపేరు వాళ్ళకి. గణాంక శాస్త్రవేత్త కల్యంపూడి రాధాకృష్ణారావు గారు 1945లో రాసిన పేపర్ వల్ల అందులోని సూత్రాన్ని ప్రపంచమంతా క్రామర్-రావు అంటోంది, ఇంటిపేరు కల్యంపూడి మాత్రం "సి" అన్న పొడి అక్షరమై మిగిలింది. భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి గారిని ఏ రిఫరెన్సు జాబితాలో వెతికినా "బి"లో దొరకరు, "కె"లోకి వెళ్ళాలి. నా ప్రూఫ్‌లోనూ అంతే, రంగంతా నా పేరుకే పూశారు. నాదైతే దిద్దాను. మా స్కాలర్‌ది ఇంకా చిక్కు. ఇంటిపేరు ఎప్పుడూ ఒక్క అక్షరంగానే రాసుకున్నాడు, సబ్మిట్ చేసేటప్పుడు ఇంటిపేరు గడి ఒక్క అక్షరాన్ని ఒప్పుకోలేదని అప్పటికేదో నింపేశాం. రాత్రి ఫోన్ చేసి ఏం పెట్టమంటావయ్యా అని అడిగాను. చూసి చెప్తానన్నాడు.

పొద్దున్నే మెసేజ్ పెట్టాడు. "ఆధార్‌లో ఒకలా ఉంది మేడమ్, టెన్త్ మెమోలో ఇంకోలా ఉంది. ఇంకా ఎన్ని గంటలున్నాయి?"