అజ్ఞాతవాసంలో ఉన్న చెత్తబుట్ట గారికి

మహారాజశ్రీ జపాన్ దేశపు చెత్తబుట్ట గారికి నమస్కరించి రాయునది.

మేమిక్కడ క్షేమం, మీరక్కడ క్షేమమని తలుస్తాను అని మొదలుపెడదామంటే, పది రోజులు మీ దేశం తిరిగినా, వీధుల్లో అసలు మీరెక్కడున్నారో తెలిస్తే కదా! పాండవులు కూడా అజ్ఞాతవాసంలో వంటవాడిగానో, నాట్యం నేర్పే బృహన్నలగానో నలుగురి మధ్యే తిరిగారు. మీరు ఆ మాత్రం కూడా కనికరించలేదు. ఫూజీ పర్వతం కూడా మబ్బుల చాటున ఉండి మాకు కనిపించలేదు, కానీ దాని మీద నాకు కోపం లేదు. చేతిలో అరటితొక్క పట్టుకుని ఫూజీ కోసం ఎవరూ వెతకరు.

మొదటి రోజు పొద్దున్నే, టోక్యోలోని అసకుసాలో మా హోటల్ కింద ఉన్న కొంబినిలో, అంటే 24 గంటలూ తెరిచి ఉండే చిన్న కొట్లో, ఒక ఓనిగిరి, ఒక అరటిపండు కొన్నాను. ఓనిగిరి అంటే మూడు మూలల అన్నం ముద్ద. నేను కొన్నదాని లోపల ఉమెబోషి ఉంది. ఉప్పులో ఊరిన ఆ పండు నోట్లో పెట్టుకుంటే, మా అమ్మమ్మ పెట్టే నిమ్మకాయకి దూరపు చుట్టంలా అనిపించింది. కవరు మీద 1, 2, 3 అని అంకెలుంటాయి. ఒకటి దగ్గర పట్టి కిందికి లాగితే కవరు నిలువునా చీలుతుంది. రెండు, మూడు మూలలు పట్టి ఇటూ అటూ లాగితే, సముద్రపు పాచి రేకు అప్పటికప్పుడు అన్నానికి అతుక్కుంటుంది. అప్పడంలా కరకరలాడుతూ! అన్నానికీ ఆ రేకుకీ మధ్య ఒక ప్లాస్టిక్ పొర పెట్టి తడి తగలకుండా కాపాడిన మహానుభావుడెవరో గానీ, చేతులెత్తి మొక్కాను. మొక్కిన చేతుల్లో ప్లాస్టిక్ ముక్కలు మిగిలాయి. అరటిపండుకైతే దేవుడిచ్చిన తొక్క చాలదన్నట్టు ఇంకో కవరు. ఇన్ని చుట్లు చుట్టే దేశంలో, విప్పినవి వేయడానికి చోటుండదా అనుకున్నాను. అమాయకుణ్ని.

సెన్సోజీ గుడికి వెళ్లే కమినారిమోన్ ద్వారం ఎర్ర లాంతరు కింద మీరు లేరు. అక్కణ్నుంచి గుడి దాకా ఉన్న నకమిసె కొట్ల వీధి పొడుగునా లేరు. గుళ్లో 100 యెన్లు వేసి రేకు డబ్బా ఊపితే ఒక పుల్ల బయటికొస్తుంది. దాని మీదున్న నంబరు సొరుగు లాగితే జాతకం చీటీ. నాకు 'క్యో' వచ్చింది, అంటే చెడ్డకాలం. మా ఆవిడ కంగారుపడింది. అయితే ఆ చీటీని మడిచి అక్కడే ఉన్న తీగలకి కట్టేసి వెళ్లిపోవచ్చట. శని గుళ్లోనే ఆగిపోతుంది, మన వెంట రాదు. చూశారా, మీ దేశంలో దుర్దశ వదిలించుకోవడానికి ఏర్పాటుంది, అరటితొక్క వదిలించుకోవడానికి లేదు. తొక్కని కూడా మడిచి కట్టేద్దామా అనిపించింది. మా ఆవిడ చూసిన చూపుకి ఊరుకున్నాను.

మధ్యాహ్నానికి తొక్క నల్లబడి ఆవిడ హ్యాండ్‌బ్యాగ్‌లోకి చేరింది. మొదటి జిప్పులో పాస్‌పోర్టులు, రెండో జిప్పులో కందిపొడి, మూడో జిప్పులో మీ బాధ్యతలు.

వెండింగ్ మెషిన్ పక్కన ఒకాయన కనిపిస్తే మీరే అనుకుని పరుగెత్తాను. తీరా చూస్తే రెండు గుండ్రటి రంధ్రాలు, సీసాలకీ డబ్బాలకీ మాత్రమే. ఎవరూ లేరు కదా అని కవరు ఉండచుట్టి తోయబోతుంటే, బడి సంచి తగిలించుకున్న ఆరేడేళ్ల పిల్లాడు ఆగాడు. ఏమీ అనలేదు. చూశాడు, అంతే. అక్కడ బడిలో తరగతి గదులు పిల్లలే తుడుచుకుంటారట. కవరు మళ్లీ నా జేబులోకి వచ్చింది. హెల్మెట్ లేకుండా ట్రాఫిక్ పోలీసుకి దొరికినప్పుడు కూడా నేనంత భయపడలేదు.

ఆ సాయంత్రం టోక్యోలోనే నిషి కసాయ్‌లో ఉంటున్న మా పిన్ని కొడుకు భోజనానికి పిలిచాడు. ఆ చుట్టుపక్కల మనవాళ్లు చాలామందే ఉంటారు. పప్పు కలుపుకుంటూ మీ గురించి అడిగాను.

"స్టేషన్లలో 1995 నుంచే తీసేయడం మొదలైంది అన్నయ్యా" అన్నాడు వాడు. ఆ ఏడాది మార్చి 20న, జనం ఆఫీసులకి వెళ్లే వేళ, ఓమ్ షిన్రిక్యో అనే ముఠావాళ్లు మెట్రో రైళ్లలో సారిన్ విషవాయువు వదిలారు. ప్లాస్టిక్ సంచుల్లో తెచ్చి, గొడుగు మొనలతో పొడిచి. పదిమందికి పైగా చనిపోయారు, వేలమంది ఆస్పత్రుల పాలయ్యారు. అనుమానించాల్సిన వస్తువుల్లో మీరూ చేరిపోయారు. అది విన్నాక కాసేపు మీ మీద జోకులెయ్యలేకపోయాను.

"మరి తర్వాతైనా తిరిగి పెట్టాల్సింది కదరా?"

"లేకపోయినా జరిగిపోతోంది కదా అన్నయ్యా. పెడితే ఎత్తే మనిషి కావాలి, జీతం కావాలి."

వాళ్ల ఫ్రిజ్ మీద చెత్త పంచాంగం ఒకటి అంటించి ఉంది. ఏ రోజు కాల్చే చెత్త, ఏ రోజు సీసాలు, ఏ రోజు పాత పేపర్లు అని. పొద్దున ముహూర్తం దాటితే ఆ సంచితో మళ్లీ దాని రోజు వచ్చేదాకా కాపురం చెయ్యాల్సిందే. ఒకదాంట్లో ఒకటి కలిపేస్తే బండివాళ్లు స్టిక్కర్ అంటించి అక్కడే వదిలేసి పోతారట. "బిల్డింగంతా చూస్తుంది బావగారూ, తల కొట్టేసినట్టుంటుంది" అంది మా మరదలు.

మీ వాళ్లందర్నీ ఆకాశానికెత్తేస్తున్నానని మురిసిపోకండి. ఆదివారం పొద్దున్నే టోక్యోలోనే ఉన్న షిబుయా వెళ్లాను. రాత్రి తాగి వదిలేసిన డబ్బాలు గోడవారగా వరసగా పేర్చి ఉన్నాయి. అక్కడ రాత్రిపూట వీధిలో మద్యం తాగొద్దని 2024 అక్టోబరు నుంచి నిబంధన కూడా ఉంది. అయితే ఒకటి, పారేసినవాళ్లు కూడా వరస తప్పలేదు.

చివరికి షింకాన్‌సెన్‌లో, అంటే బుల్లెట్ రైల్లో, దొరికారు. నొజోమి రైలు టోక్యో నుంచి క్యోటోకి రెండుంపావు గంటల్లో తీసుకుపోతుంది. ఆ బోగీ చివర, దత్తాత్రేయుడిలా మూడు ముఖాలతో మీరు! ఒక నోరు డబ్బాలకీ సీసాలకీ, ఒకటి పేపర్లకి, ఒకటి మిగతా చెత్తకి. నాలుగు రోజుల మూట. కళ్లు చెమర్చాయి. మూడో జిప్పు బోర్లించాను, జేబులు దులిపాను, తేలికైపోయి సీట్లోకి వచ్చి కూర్చున్నాను.

నగోయా దాటాక మా ఆవిడ "ఏవండీ, టికెట్లు మీ దగ్గరే కదా?" అంది.

విజిటింగ్ కార్డంత టికెట్లు. క్యోటోలో గేటు దాటాలంటే అవి మళ్లీ కావాలి. మోచేతి దాకా మీ నోట్లో చెయ్యి పెట్టి, నా నాలుగు రోజుల చరిత్రని నేనే కెలుక్కుంటుంటే, చేతులు కడుక్కోవడానికి వచ్చిన ఒక పెద్దావిడ నాకు వంగి దండం పెట్టి, వచ్చినదారినే వెళ్లిపోయింది. టికెట్లు దొరికాయి. ఒకదానికి పాచి రేకు అతుక్కుని ఉంది.

అప్పట్నుంచి ఏ కాగితం పారేయాలన్నా వణుకే. క్యోటోలో కింకకుజీ బంగారు మందిరానికిచ్చే టికెట్టయితే ఏకంగా రక్షరేకు, ఇంట్లో పెట్టుకోవాలి. ఒసాకాలో దోతోంబోరి దగ్గర తకోయాకి తిన్నాం. నేను తిన్నాను, ఆవిడ చూసింది. పైకి అచ్చం గుంత పొంగణం, లోపల ఆక్టోపస్ కాలు. ఖాళీ ట్రే ఎక్కడ పెట్టాలా అని నేను దిక్కులు చూస్తుంటే, అమ్మినాయనే చెయ్యి చాచి తీసుకున్నాడు. ఆయన కాళ్ల దగ్గర మీరు కనిపించారు. ఒక్క క్షణమే.

అసలు పరువు పోయింది మాత్రం నారాలో. అక్కడి పార్కులో వెయ్యికి పైగా జింకలు. తల వంచి దండం పెట్టి మరీ బిస్కెట్లు అడుగుతాయి. ఆ బిస్కెట్ల కట్టకి చుట్టిన కాగితం కూడా జింక తిన్నా ఫరవాలేనిదే. అయినా 2019లో చనిపోయిన ఒక జింక కడుపులో 4 కిలోలకి పైగా ప్లాస్టిక్ దొరికింది. నేనది ఆవిడకి చెబుతుండగానే, కొమ్ముల జింక ఒకటి వెనకనుంచి వచ్చి మూడో జిప్పులోంచి తొంగిచూస్తున్న కవరు పట్టుకుంది. నేను ఈ కొస, అది ఆ కొస. జనం ఫోటోలు తీస్తున్నారు. "వదలకండీ, మింగేస్తుంది!" అని ఆవిడ అరుపులు. మా వీధి మలుపులో ట్రాన్స్‌ఫార్మర్ కింద ఆవు క్యారీబ్యాగులు నములుతుంటే కిటికీలోంచి చూస్తూ కాఫీ తాగే మనిషిని, పరాయి దేశంలో నా చెత్త కోసం జింకతో కుస్తీ పట్టాను. గెలిచాను. తడిసి ముద్దయిన కవరు, జింక ఎంగిలితో సహా, మూడో జిప్పులోకే వెళ్లింది.

ఇందుమూలంగా కోరేదేమంటే, ఈసారి వచ్చేటప్పటికి దయచేసి మీ అడ్రసు తెలియజేయగలరు.

ఇట్లు,
మీ పని పది రోజులు జీతం లేకుండా చేసినవాడు

తా.క.: ఇంటికొచ్చి బ్యాగ్ దులిపితే '3' అని అంకె ఉన్న కవరు ముక్క ఒకటి రాలింది. వెంటనే పట్టుకెళ్లాను. మా వీధి మలుపులో మీ తమ్ముడుగారు ఉన్నారు, మూత ఊడిపోయి, పీకల దాకా నిండి. పక్కనే ఆవు. అది నమలడం ఆపి నా చేతిలోకి చూసింది.

"పారేసి రాలేదా?" అంది మా ఆవిడ.

"ఆవు ఇంకా అక్కడే ఉంది" అన్నాను.