పాపం టెక్సాస్‌లో, పులుసు పటమటలో

పోయిన ఆదివారం మా పటమటలో ఒక ఘోరం బయటపడింది. మా వీధి చివరింటి బాబాయిగారి అబ్బాయి టెక్సాస్‌లో జింకను కాల్చాడు. కాల్చి ఊరుకున్నాడా, దాని పక్కన కూర్చుని ఫోటో దిగి ఫ్యామిలీ గ్రూపులో పెట్టాడు. ఆ ఫోటో బాబాయిగారు నాకు చూపించింది ఎక్కడంటే, చికెన్ కొట్టు ముందు.

"నోరులేని జీవిరా, వాడికి చేతులెలా వచ్చాయిరా" అని కళ్ళు తుడుచుకుని, కొట్టు కుర్రాడితో "ఆ మూలనున్నది తియ్యి, రెండున్నర కేజీలు తూగుతుంది, స్కిన్ తీసెయ్" అన్నారు. వాడు దాని మెడ కోసి నీలం డ్రమ్ములో పడేశాడు. లోపల దడదడ మొదలవగానే బాబాయిగారు మొహం అటు తిప్పుకుని ఫోన్లో జింక కళ్ళు జూమ్ చేశారు. డ్రమ్ము నిమ్మళించాకే ఇటు తిరిగారు. దయ అంటే అదీ!

కొందరు తిక్క వాదనలు చేస్తారు. జింక బతికినన్నాళ్ళూ ఇష్టమొచ్చిన చోట తిరిగి ఒక్క తూటాకి పోయింది, ఈ బ్రాయిలర్ కోడి నలభై రోజులు అటూఇటూగా షెడ్డులోనే పెరిగి కొట్టుకొచ్చే దారిలోనే ఎండ మొహం చూసింది కదా, అని. పట్టించుకోకండి. జింక సీతమ్మవారు ముచ్చటపడ్డ జంతువు (ఆవిడ ముచ్చటపడ్డాక రాములవారు బాణం వేసిన సంగతి ఇక్కడ అనవసరం). కోడిని సంక్రాంతి పందెంరాయుళ్ళు తప్ప ఎవరు ముచ్చటపడ్డారు?

పైగా అక్కడి పద్ధతులు ఎంత అనాగరికమో చూడండి. 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాడైతే వేట కోర్సు పాసవ్వాలట. లైసెన్సు తీసుకోవాలట. కొట్టిన జింక మాంసం అమ్మకూడదు, తినకుండా పారేస్తే నేరం. తుపాకులు, తూటాల మీద పన్ను వేసి, 1937 నాటి చట్టం ప్రకారం ఆ డబ్బు వన్యప్రాణుల సంరక్షణకి ఖర్చు పెడతారు. మనకా తలనొప్పి లేదు. 1972 చట్టంతో వేట నిషేధించేశాం, కాబట్టి మనం చంపడం మానేసినట్టే లెక్క. తినడానికి కోర్సు పెట్టలేదు గానీ, పెడితే మా వీధిలో సగం మంది ఫెయిలు. మొన్న గుంటూరులో ఒక రిసెప్షన్‌కి వెళ్తే చేతులు కడుక్కునే చోట టబ్బు నిండా బిర్యానీ, కొరకని లెగ్‌పీసులతో సహా. ఆ కోళ్ళు ఎందుకు చచ్చాయో వాటికీ తెలీదు, మనకీ తెలీదు.

భారతంలో ధర్మవ్యాధుడు మాంసం కొట్టు నడుపుతూనే కౌశికుడికి ధర్మం బోధించాడు. నేను చంపను, ఇతరులు చంపింది అమ్ముతానంతే అన్నాడు. మా బాబాయిగారు ఆయనకంటే ఒక మెట్టు పైన. చంపరు, అమ్మరు, తింటారంతే. 2022లో గాంధీ జయంతి ఆదివారం పడితే, మాంసం కొట్లు మూసేస్తారని శనివారమే కొనుక్కొచ్చి ఫ్రిజ్‌లో పెట్టారు. శనివారం తినకూడదు గానీ కొనొచ్చు.

పోయిన ఆదివారం రాత్రి పిన్నిగారు కొడుకుతో వీడియో కాల్‌లో ఉన్నారు. "అది గట్టి మాంసం నాన్నా, పచ్చి బొప్పాయి ముక్క నూరి పట్టించు" అని చెబుతున్నారు. వెనక కంచం ముందు కూర్చున్న బాబాయిగారు, నోట్లో ఉన్న బొమిక తీసి, "ఇంతకీ మెత్తగా ఉడికిందా లేదా కనుక్కో" అన్నారు.