ఎలుకల ఊరి అప్పుపత్రం

పురపాలక సంఘాలు అప్పుల్లో మునిగిపోతున్నాయని బెంగపడే పెద్దలెవరూ జర్మనీ చిన్న ఊళ్ల ఆర్థిక శాస్త్రాన్ని అధ్యయనం చేయకపోవడం విచారకరం.

1914లో యుద్ధం రాగానే జనం నాణేలు దాచేసుకున్నారు. రాగి, నికెల్ యుద్ధ సామగ్రికి పోయాయి. చిల్లర దొరక్క ఊళ్లు సొంతంగా కాగితం డబ్బు అచ్చేసుకున్నాయి. దాన్నే నోట్‌గెల్డ్ అన్నారు. ఇది గతిలేక చేసిన పని, మెచ్చుకోవాల్సిందేమీ లేదు. అసలు మేధస్సు యుద్ధం ముగిశాక వికసించింది.

ఈ నోట్లను కొందరు సరదాగా పోగుచేస్తున్నారని ఊరిపెద్దలు కనిపెట్టారు. పోగుచేసినవాడు మార్చుకోవడానికి రాడు కదా! యాభై ఫెనిగ్‌ల (అంటే అర మార్కు) కాగితం అమ్మితే అచ్చు ఖర్చు పోను మిగిలిందంతా ఊరి ఖజానాకే. అప్పిచ్చినవాడు పత్రాన్ని ఆల్బంలో పెట్టుకుని మురిసిపోతాడు. బాకీ అడగడు సరికదా, ఆ వరుసలో మిగతా నోట్లు ఎప్పుడొస్తాయని అడుగుతాడు. కొన్ని నోట్లయితే గడువు తీరిపోయాకే అమ్మకానికొచ్చాయి. ఎగవేతలో ఇంతటి నిజాయితీ మరెక్కడా చూడం.

హామెలిన్ ఊరికి నా ప్రత్యేక అభినందనలు. ఎలుకల్ని తరిమిన వేణువువాడికి కూలి ఎగ్గొట్టిందని శతాబ్దాలుగా కథల్లో అపకీర్తి మోస్తున్న ఊరది. 'చెల్లిస్తాం' అని హామీ ఇచ్చే నోటు మీద ఏ బొమ్మ వేయాలా అని ఆలోచించి, ఆ వేణువువాడినే వేసింది. పాత బాకీ రావాల్సినవాడినే కొత్త అప్పుకు పూచీ పెట్టడానికి ఎంత గుండె ధైర్యం కావాలి!

బీలెఫెల్డ్ బట్టల నేతకు పేరు. అక్కడి పొదుపు బ్యాంకు కాగితంతో ఆగలేదు, పట్టు మీదా మఖమల్ మీదా నోట్లు వేసింది. కొన్నింటి అంచులకు లేసు కూడా. సారె చీరలా మెరిసే అప్పుపత్రాన్ని కౌంటర్లో తిరిగిచ్చే మనసు ఎవరికుంటుంది?

1922 జులైలో కేంద్ర ప్రభుత్వం వీటిని నిషేధించింది. విలువలేని కాగితం అచ్చేసే హక్కు బెర్లిన్‌దే కదా, ఆ కోపం న్యాయమైనదే. మరుసటి ఏడాది ఆ హక్కును బెర్లిన్ పూర్తిగా వాడుకుంది. 1923 నవంబరుకల్లా ఒక్క డాలరుకు 4.2 లక్షల కోట్ల మార్కులు. సర్కారు అచ్చుయంత్రాలు చాలక, మళ్లీ ఊళ్లే అచ్చేయాల్సి వచ్చింది. ఈసారి బొమ్మలకు తీరిక లేదు. చాలా నోట్లు ఒకవైపే అచ్చయ్యాయి. కోట్ల మార్కుల నోటుతో పాటు వెనకవైపు చిత్తుకాగితం ఉచితం. మారకం రేటు ఎలా ఉన్నా, పౌరుడికి ఆ వెనకవైపు మాత్రం నికర లాభమే.