అడ్వాన్స్ ఓనర్ దగ్గర ఉన్నంత మాత్రాన ఓనర్ సొమ్ము కాదు

సామాన్ల బండి వెళ్లిపోయింది. తాళంచెవులు చేతిలో పట్టుకుని అద్దెకున్నాయన గుమ్మంలో నిలబడ్డాడు. ఓనర్ ఒక్కో గదీ తిరిగి గోడలు చూస్తున్నాడు. ఇన్నాళ్లూ బీరువా ఉన్నచోట రంగు కొత్తగా ఉంది, చుట్టూ వెలిసిపోయింది. ఆ మచ్చ మీద వేలు పెట్టి, "ఇదంతా మళ్లీ పెయింటింగ్ చేయించాలి కదండీ" అన్నాడు. అగ్రిమెంట్‌కి ఇంకా నాలుగు నెలలుంది. మాట తప్పింది తానే అన్న బెరుకుతో అద్దెకున్నాయన నోరు మెదపలేదు. అడ్వాన్స్‌లో సగానికి పైగా అక్కడే వదులుకుని వచ్చాడు.

ఇలాంటివి నేను చాలా చూశాను. ప్రతిసారీ జరిగే పొరపాటు ఒక్కటే. గడువుకు ముందే వెళ్లినందుకు ఓనర్‌కి వచ్చిన నష్టం ఒక లెక్క, ఇంటికి జరిగిన డ్యామేజీ ఇంకో లెక్క. దేనికది విడిగా తేలాలి, దేనికది ఆధారం చూపించాలి. రెండూ కలిపేసి "ముందే వెళ్తున్నారు కాబట్టి అడ్వాన్స్ రాదు" అంటే అది లెక్క కాదు, దబాయింపు.

మొదటి లెక్క చూద్దాం. లాకిన్ పీరియడ్‌కి, అంటే ఇంతకాలం ఖాళీ చేయకూడదన్న గడువుకి, ఒప్పుకుని సంతకం పెట్టి, మధ్యలో వెళ్లిపోతే ఓనర్‌కి నష్టమే. ఆ అద్దె మీదే ఇంటి లోను కట్టుకునేవాళ్లున్నారు, వాళ్ల టెన్షన్ అబద్ధం కాదు. కానీ ఎంత నష్టం? భారత కాంట్రాక్టు చట్టం, 1872 లోని 74వ సెక్షన్ ప్రకారం, ఒప్పందంలో జరిమానా ఎంత రాసుకున్నా దానికి లోబడి సమంజసమైన పరిహారమే దక్కుతుంది. నష్టం తగ్గించుకునే దారులు ఏమున్నాయో కూడా చూడాలని 73వ సెక్షన్ వివరణ చెబుతోంది. అమెరికాలో చాలా రాష్ట్రాల చట్టం కూడా ఓనర్ మళ్లీ అద్దెకివ్వడానికి తగిన ప్రయత్నం చేయాలంటుంది. పదిరోజుల్లో కొత్తవాళ్లు దిగితే, పాతవాళ్ల దగ్గర నాలుగు నెలల అద్దె పట్టుకోవడం ఒకే ఇంటికి రెండు అద్దెలు తీసుకోవడమే. అందుకే వెళ్లేవాళ్లు తామే ఇంకొకరిని వెతికి చూపిస్తే గొడవ సగం తగ్గుతుంది.

రెండో లెక్కలో అసలు కొట్లాటంతా అరుగుదల చుట్టూనే. ఆస్తి బదిలీ చట్టం, 1882 లోని 108వ సెక్షన్, ఇంటిని తీసుకున్నప్పటి స్థితిలో తిరిగి అప్పగించమంటూనే మామూలు వాడకంలో వచ్చే అరుగుదలను మినహాయించింది. వెలిసిన రంగు అరుగుదల. పగిలిన వాష్‌బేసిన్ డ్యామేజీ. మేకుల రంధ్రాలు ఈ రెండింటికీ మధ్యన ఉంటాయి, అక్కడ ఒకరికొకరు సర్దుకుపోక తప్పదు. బీరువా వెనక మచ్చకి మాత్రం ఎవరూ పైసా కట్టక్కర్లేదు.

ఇంత స్పష్టంగా ఉన్నప్పుడు డబ్బు ఎందుకు రావడం లేదు? డబ్బు చేతిలో ఉన్న మనిషే తీర్పు కూడా చెబుతున్నాడు కాబట్టి. దీన్ని కొన్నిచోట్ల చట్టమే సరిచేసింది. ఇంగ్లండ్‌లో సాధారణంగా ఓనర్ డిపాజిట్‌ని 30 రోజుల్లోగా ప్రభుత్వ ఆమోదం ఉన్న రక్షణ పథకంలో నమోదు చేయాలి. చేయకపోతే దానికి మూడు రెట్ల దాకా జరిమానా పడొచ్చు. జర్మనీలో మూడు నెలల అద్దెకు మించి తీసుకోకూడదు, ఆ సొమ్ముని ఓనర్ సొంత డబ్బులో కలపకూడదు. కాలిఫోర్నియాలో 21 రోజుల్లోగా మిగిలింది తిరిగివ్వాలి, దేనికెంత కోశారో రాసివ్వాలి. భారత ప్రభుత్వం 2021లో తెచ్చిన నమూనా అద్దె చట్టం కూడా నివాసాలకు రెండు నెలల పరిమితి పెట్టి, ఇల్లు స్వాధీనం చేసుకున్న రోజే బాకీలు పోను మిగతాది ఇచ్చేయమంది. కానీ అది నమూనా మాత్రమే, రాష్ట్రాలు తమ చట్టంగా చేసుకుంటేనే పని చేస్తుంది. నా దృష్టిలో అడ్వాన్స్‌ని మూడో మనిషి చేతిలో పెట్టడమే సరైన దారి. దానివల్ల మంచి ఓనర్‌కి పోయేదేమీ లేదు.

అంతవరకూ అద్దెకున్నవాళ్లని కాపాడేది కాగితమే. దిగినరోజే ప్రతి గదికీ ఫొటోలు, వీడియో తీసుకోవాలి. ఖాళీ చేస్తున్నామని తేదీ వేసి రాతపూర్వకంగా చెప్పాలి. తాళాలు అప్పగించినట్టు ఒక మెసేజ్ అయినా పెట్టించుకోవాలి. చివరి నెలల అద్దె ఆపేసి "అడ్వాన్స్‌లో సరిపెట్టుకోండి" అనడం మాత్రం ప్రమాదం. ఓనర్ ముందే ఒప్పుకుంటే తప్ప బాకీదారు మనమే అవుతాం. కోతలు పెడితే నోటిమాటతో ఊరుకోకుండా పనివారీగా లెక్క, బిల్లులు రాతలో అడగాలి. ఇవ్వకపోతే గడువు పెట్టి లాయర్ నోటీసు పంపాలి. చాలామంది ఆ నోటీసు దాకా వెళ్లకముందే "పోనీలే" అనుకుంటారు. అప్పటికే కొత్త ఇంటికి ఇంకో అడ్వాన్స్ కట్టేసి ఉంటారు.