బొట్టు పెట్టి పిలిచిన పురుగులు

న్యూజెర్సీలో ఇల్లు కొన్నవాళ్లకు ఇంటి అప్పుతో పాటు జపనీస్ బీటిల్ కూడా దఖలు పడుతుంది. ఆ పెంకు పురుగు అమెరికాలో మొట్టమొదట కనబడిందే 1916లో, ఆ రాష్ట్రంలోని రివర్టన్ దగ్గర. వలసొచ్చినవాళ్లలో మా బావ కంటే అదే సీనియర్.

బావది ఎకరం స్థలం. పోయిన సెప్టెంబరులో గడ్డి అక్కడక్కడా ఎండింది. పట్టుకుని లాగితే చాపలా చుట్టుకుని వచ్చేసింది. కింద ఆ బీటిల్ పిల్లలే, తెల్లటి వేరుపురుగులు, గోధుమరంగు తలలతో, ముడుచుకుని హాయిగా పడుకున్నాయి. మందు కొట్టేవాళ్లు చెప్పిన రేటు విని అక్క, "ఆ డబ్బుతో ఎకరమంతా కార్పెట్ పరిచేయొచ్చు" అంది.

బావ ఎక్సెల్ తెరిచాడు. ఎకరానికి 43,560 చదరపు అడుగులు, అడుగుకి పది పురుగులు, మొత్తం 4,35,600. ఇంటి కిందా, కార్ల షెడ్డు కిందా కూడా పురుగులున్నట్టే లెక్క కట్టాడు పాపం.

ఇన్నిటికి మందెక్కడ కొడతామని, తర్వాతి జులైలో, చవగ్గా దొరికే ఎర సంచులు తెచ్చి నాలుగు మూలలా వేలాడదీశాడు. వాటిలో పూల వాసన, ఆడపురుగు వాసన కలిపి పెడతారు. సాయంత్రానికి సంచులు నిండాయి. ఫొటోలు ఫ్యామిలీ గ్రూపులో పడ్డాయి. అనంతపురం నుంచి ఆర్నెల్లకని వచ్చిన మామయ్య మాత్రం డెక్ మీద కూర్చుని అక్క పెంచుకున్న మందార వైపు చూస్తున్నాడు. ఆకుల్లో ఈనెలు తప్ప ఇంకేం మిగల్లేదు. పక్కన బెండ మొక్కలదీ అదే గతి.

"ఏంరా, వీధిలో పురుగులన్నిట్నీ బొట్టు పెట్టి పిల్చినావా?" అన్నాడు.

నిజం అదే. ఆ వాసనకు నాలుగిళ్ల అవతలి పురుగులు కూడా బయల్దేరతాయి. వచ్చినవన్నీ సంచిలో పడతాయా? దారిలో బెండ కనబడితే భోజనానికి ఆగుతాయి, తర్వాత అక్కడి గడ్డిలోనే గుడ్లు పెడతాయి.

మామయ్య వేరుశనగ రైతు. తొలకరి వానకు పెంకు పురుగులు బయటికొచ్చి వేపచెట్లెక్కితే రాత్రిళ్లు కొమ్మలు దులిపి చంపిన మనిషి. మర్నాడు పొద్దున్నే సంచులు పీకించి, పంచె ఎగ్గట్టి, సబ్బునీళ్ల బకెట్ పట్టుకుని మందార దగ్గర నిలబడ్డాడు. ఆ చల్లటి వేళ పురుగులు మందకొడిగా ఉంటాయి, కొమ్మ తడితే బకెట్లో పడతాయి. వాకింగుకొచ్చిన వీధంతా అది పూజనుకుని గౌరవంగా తలొంచి వెళ్లింది.

"గడ్డికి పెట్టే నీళ్లు కూడా ఆపెయ్. గుడ్డుకు తడి లేకుంటే పిల్ల యాడ బతుకుతాది?"

"గడ్డి ఎండితే కాలనీ అసోసియేషన్ నోటీసిస్తుంది నాయనా."

"పురుగుకియ్యమను నోటీసు."

సెప్టెంబరులో మామయ్య పార తీసుకుని, ఎక్సెల్ ముట్టకుండా, పెరడంతా అక్కడక్కడా చదరపు అడుగు గడ్డి లేపి లెక్కపెట్టాడు. చాలాచోట్ల రెండు మూడే. పది లోపుంటే ఏపుగా ఉన్న గడ్డి తట్టుకుంటుంది, మందక్కర్లేదు. సంచులు వేలాడిన మూలల్లో మాత్రం జాతర. ఆ నాలుగు మడులకే నులిపురుగుల ద్రావణం తెప్పించి, సాయంత్రం నేల తడిపి చల్లారు. అవి వేరుపురుగు ఒంట్లో దూరి చంపుతాయి. ఎకరానికి కొనాల్సింది నాలుగు మడులతో సరిపోయింది.

చల్లుతుండగా పక్కింటాయన పచ్చళ్ల సీసాకి బదులుగా గులాబీలు పట్టుకుని వచ్చాడు. ఈ ఏడాది తన తోటలో ఒక్క ఆకుకీ చిల్లు పడలేదట. ఆ సంచులు ఎక్కడ దొరుకుతాయో చెబితే, వచ్చే జులైకి బావ కోసం తనే కొనిపెడతానన్నాడు.